హైదరాబాద్‌లో సర్కారు బడి: ఏ పిల్లకు ఏ దారి, ఏ నెలలో కదలాలి

మీ పిల్ల వచ్చే జూన్‌కి ఏ తరగతిలో ఉంటుంది? నన్ను సలహా అడిగే తల్లిదండ్రులతో నా మొదటి మాట ఇదే. "మంచి సర్కారు బడి ఏది టీచర్?" అంటారు వాళ్లు. పిల్ల వయసు, మీ ఇల్లు ఉన్న చోటు, ఇంటి ఆదాయం, ఇప్పుడు నడుస్తున్న నెల తెలియకుండా దానికి జవాబు చెప్పలేను. నేను హైదరాబాద్ జిల్లాలో ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా చేరి, ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎంగా (ప్రధానోపాధ్యాయురాలి పోస్టులో) రిటైరయ్యాను. అడ్మిషన్ రిజిస్టరు చాలాకాలం నా టేబుల్ మీదే ఉండేది. అన్ని అర్హతలూ ఉండి, సంగతి ఆలస్యంగా తెలియడం వల్ల సీటు పోగొట్టుకున్న కుటుంబాలను ఎన్నో చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు మీరు ఏ జిల్లాలో ఉన్నారో చూసుకోండి. మనమంతా హైదరాబాద్ అనుకుంటాం. కానీ కూకట్‌పల్లి, ఉప్పల్, మల్కాజిగిరి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వస్తాయి. ఎల్బీనగర్, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ రంగారెడ్డి జిల్లా. ముషీరాబాద్, అంబర్‌పేట, చార్మినార్, గోల్కొండ, ఖైరతాబాద్, సికింద్రాబాద్ వైపు ఉన్నవాళ్లది హైదరాబాద్ జిల్లా. జిల్లాను బట్టి డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు వేరు, గురుకులం సీట్ల లెక్క వేరు, కేంద్రం నడిపే హాస్టల్ బడి నవోదయ సంగతీ వేరు. ఒక జిల్లా ఆఫీసులో సగం రోజు నిలబడ్డాక "మీది ఇక్కడ కాదమ్మా" అనిపించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆధార్‌లో మండలం పేరు చూస్తే తెలిసిపోతుంది.

బస్తీ బడి: ముందు దీన్నే చూడండి

గురుకులం, కేంద్రీయ విద్యాలయం గురించే అందరూ అడుగుతారు. ఇంటి పక్కనున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల గేటు లోపలికి ఒక్కసారి కూడా వెళ్లకుండానే దాన్ని పక్కన పెట్టేస్తారు. ముందు అక్కడికి వెళ్లండి. పరీక్ష లేదు, లాటరీ లేదు, ఫీజు లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. హైదరాబాద్ లాంటి చోట ఆ దూరంలో ఒకటికి మించే ఉంటాయి. అంటే ఎంచుకునే వీలు మీకు ఉంది.

పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. దేశంలో చాలాచోట్ల ఎనిమిదో తరగతి దాకానే ఉన్న భోజనం మన దగ్గర పదో తరగతి దాకా ఇస్తారు. వారానికి మూడు గుడ్లు పెట్టాలన్నది లెక్క. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది, తర్వాత తొమ్మిది, పది కూడా కలిశాయి. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. పని నుంచి ఇంటికొచ్చిన తల్లి తెలుగు పేజీ చూసి, పిల్ల ఇంగ్లీషు పేజీలో ఏం చదువుతోందో తెలుసుకోవచ్చు. అది ఏ ప్రైవేటు బడి పుస్తకంలోనూ దొరకదు.

ఇక బడిని చూడటం ఎలాగో చెప్తాను. గేటు రంగు, గోడ మీద బొమ్మలు చూసి రావద్దు. 2022లో 'మన బస్తీ-మన బడి' కింద, తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా చాలా బడులకు మరమ్మతులు జరిగాయి. కొన్ని చోట్ల ఇంకా అద్దె భవనాల్లో, ఒకే ఆవరణలో రెండు మూడు బడులు నడుస్తున్నాయి. మంచి భవనంలో చదువు పల్చగా ఉండొచ్చు, ఇరుకు గదిలో గట్టి చదువు ఉండొచ్చు. రెండూ నేను చూశాను.

పని రోజున, పదకొండున్నర, పన్నెండు మధ్య వెళ్లండి. హెచ్‌ఎంను కలిసి మొదట అడగాల్సిన ప్రశ్న: "ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు?" చట్టం లెక్కలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరే టీచర్లు. అరవై ఒకటి నుంచి తొంభై దాకా ముగ్గురు. దీని అర్థం చాలామందికి తట్టదు. పిల్లలు తక్కువున్న బడిలో శ్రద్ధ ఎక్కువ ఉంటుందనుకుంటారు. నలభై మంది ఉన్న బడిలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెప్పాలి. ఒకరు ఒకటి, రెండు తరగతుల్ని, ఇంకొకరు మూడు, నాలుగు, ఐదుని ఒకే గదిలో కూర్చోబెడతారు. ఇద్దరిలో ఒకరు ట్రైనింగ్‌కో, ఏదైనా సర్వే డ్యూటీకో వెళ్తే ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. నూట యాభై మంది ఉండి ఐదుగురు టీచర్లున్న బడిలో తరగతికి ఒకరు ఉంటారు. కాబట్టి రెండు బడులు దగ్గర్లో ఉంటే, వేరే తేడా పెద్దగా కనిపించకపోతే, పిల్లలు ఎక్కువున్న దాన్నే తీసుకోమని చెప్తాను. 2024 డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికైన కొత్త టీచర్లు ఆ అక్టోబరులో బడుల్లో చేరారు. ఖాళీలు కొంత నిండాయి, అయినా బడి బడికీ తేడా ఉంది. అడిగి తెలుసుకోండి.

తర్వాత మూడో తరగతి పిల్లల నోటు పుస్తకాలు రెండు చూపించమని మర్యాదగా అడగండి. టీచర్ ఎర్ర ఇంకుతో దిద్దిన తేదీలు చూడండి. వారం వారం దిద్ది ఉంటే, తప్పు పక్కన సరైన మాట రాసి ఉంటే, ఆ బడిలో చదువు నడుస్తున్నట్టే. చివరి టిక్కు రెండు నెలల కిందటిదైతే ఆలోచించండి. 2022 ఆగస్టు నుంచి ప్రాథమిక తరగతులకు 'తొలిమెట్టు' అని ఒక కార్యక్రమం ఉంది. ప్రతి పిల్ల చదవగలగాలి, రాయగలగాలి, చిన్న లెక్కలు చేయగలగాలి అన్నది దాని ఉద్దేశం. "తొలిమెట్టులో మీ మూడో తరగతి పిల్లలు ఎంతమంది ధారాళంగా చదువుతున్నారు టీచర్?" అని అడగండి. లెక్క టక్కున చెప్పగలిగిన టీచర్‌కు తన పిల్లలు తెలుసు.

భోజనం వేళ దాకా ఉండండి. అన్నం, పప్పు చూడండి. తాగే నీళ్లు ఎక్కడివో అడగండి. ఆడపిల్లల టాయిలెట్ తలుపుకు గడియ ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా అని తల్లులు స్వయంగా వెళ్లి చూడాలి. ఆరో తరగతి దాటిన ఆడపిల్ల బడి మానేయడానికి, నెలలో కొన్ని రోజులు రాకపోవడానికి అది ఎంత పెద్ద కారణమో బయటివాళ్లకు తెలియదు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దు.

ఇంకో ప్రశ్న: "మీ బడిలో ఐదో తరగతి అయిపోయిన పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారు?" ప్రాథమిక పాఠశాల ఐదుతో ఆగిపోతుంది. హైస్కూలు అదే ఆవరణలో ఉంటే సమస్య లేదు. పెద్ద రోడ్డు దాటి రెండు కిలోమీటర్లు వెళ్లాలంటే ఇప్పుడే ఆలోచించాలి. అయితే హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లలకు, బస్సు దొరికే దారైతే, దూరం పెద్ద అడ్డంకి కాదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అందుకే దూరమైనా మంచి పేరున్న హైస్కూలును చూడండి. సోమాజిగూడ రాజ్‌భవన్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సీటు కోసం తల్లిదండ్రులు పోటీ పడతారు. గన్‌ఫౌండ్రీలో మహబూబియా, ఆలియా లాంటి పాత బడులున్నాయి. అలాంటి చోట సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి జూన్ మొదటి వారంలోనే వెళ్లాలి.

బడులు జూన్ 12న తెరుస్తారు. దానికి కాస్త ముందు నుంచి 'బడిబాట' పేరుతో టీచర్లే మీ గల్లీకి వస్తారు. వాళ్లను గుమ్మం దగ్గరే పంపించేయకండి, కూర్చోబెట్టి ఈ ప్రశ్నలన్నీ అడగండి. ఎండలో ఇల్లిల్లూ తిరిగే టీచర్‌కు అడిగే తల్లి దొరకడం ఎంత సంతోషమో నాకు తెలుసు.

మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలుంటే అంగన్‌వాడీ ఉంది. 2025-26 నుంచి మరికొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీప్రైమరీ తరగతి కూడా పెట్టారు. అన్నిచోట్లా లేదు. మీ బడిలో ఉందేమో కనుక్కోండి. నర్సరీకి వేలకు వేలు కట్టి, ఒకటో తరగతికి వచ్చేసరికి అప్పుల్లో పడిన కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద ఊరట.

కాగితాలు

బస్తీ బడిలో చేర్చడానికి కాగితాలు లేవని భయపడవద్దు. వయసు రుజువు లేదని అడ్మిషన్ నిరాకరించకూడదని చట్టంలోని 14వ సెక్షన్ చెప్తోంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులో చెప్పింది. ముందు పిల్లను చేర్చండి, కాగితాలు తర్వాత వస్తాయి. విద్యా సంవత్సరం మధ్యలో ఊరు మారి వచ్చినా చేర్చుకోవాల్సిందే.

అయితే కాగితాలు లేకపోయినా ఫరవాలేదని నేను అనడం లేదు. గురుకులానికి, స్కాలర్‌షిప్‌కి, కేంద్రీయ విద్యాలయానికి అవే ప్రాణం. ఎక్కువ తిప్పలు పెట్టేది జనన ధ్రువపత్రం. ఆస్పత్రిలో పుట్టినప్పుడు పిల్లకు పేరు పెట్టి ఉండరు కాబట్టి సర్టిఫికెట్‌లో 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు ఉండిపోతుంది. దాంట్లో పిల్ల పేరు చేర్చించే పని మీసేవ ద్వారా ముందే చేయించుకోండి. ఆధార్‌లో పేరు, జనన ధ్రువపత్రంలో పేరు, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ఆన్‌లైన్‌లో ఆగిపోతుంది. పిల్లకు ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు పెట్టాలి, అవి తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే క్యూ పెద్దదిగా ఉంటుంది. దసరా సెలవుల్లో ఈ పని పెట్టుకోండి.

ప్రైవేటు నుంచి మారుతుంటే

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. ఫీజు బకాయి ఉంది, టీసీ (బడి మారేందుకు ఇచ్చే సర్టిఫికెట్) ఇవ్వనంటున్నారు, పిల్లను ఇంట్లో కూర్చోబెట్టాం అంటారు. ఒక తల్లి నా దగ్గరికి అక్టోబరులో వచ్చింది. ఆమె కొడుకు జూన్ నుంచి బడికే వెళ్లలేదు. వాళ్ల పాత బడివాళ్లు బకాయి మొత్తం కడితేనే టీసీ అన్నారు. నాలుగు నెలలు పిల్లవాడు ఇంట్లో చెల్లిని చూసుకుంటూ గడిపాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఎందుకంటే దానికి అవసరమే లేదు.

చట్టంలోని 5వ సెక్షన్ ఏమంటుందంటే, పిల్ల వేరే బడికి మారతానంటే పాత బడి హెడ్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు, నిరాకరించకూడదు. ఇది ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు గట్టి రక్షణ. మీరు నేరుగా దగ్గరి ప్రభుత్వ బడి హెచ్‌ఎం దగ్గరికి వెళ్లండి. "టీసీ ఇవ్వడం లేదు, పిల్లను చేర్చుకోండి" అని ఒక కాగితం రాసివ్వండి. పాత బడి పేరు, తరగతి, పుట్టిన తేదీ అందులో రాయండి. ఆ రోజు నుంచే పిల్ల తరగతిలో కూర్చోవచ్చు.

ఒక చిక్కు మాత్రం ఉంటుంది. దేశమంతటా పిల్లల వివరాలు యూడైస్ ప్లస్ అనే పోర్టల్‌లో ఉంటాయి. ప్రతి పిల్లకూ పెన్ అనే శాశ్వత గుర్తింపు నంబరు ఉంటుంది. పాత బడి ఆ పోర్టల్‌లో పిల్ల పేరును వదిలేస్తే అది డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి కొత్త బడి తీసుకుంటుంది. వాళ్లు వదలకపోతే పిల్ల ఇక్కడ చదువుతున్నా కంప్యూటర్‌లో అక్కడే ఉంటుంది. దాని మీద మీరు పోట్లాడనక్కర్లేదు. కొత్త బడి హెచ్‌ఎం ద్వారా డిప్యూటీ ఐఓఎస్‌కు రాయించండి. మిగతా జిల్లాల్లో ఎంఈఓ (మండల విద్యాధికారి) చేసే పని హైదరాబాద్ జిల్లాలో డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) చేస్తారు. అక్కడ కదలకపోతే డీఈఓ ఆఫీసు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి మాటతో పని కాదు. ప్రతి అర్జీకీ ఒక జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి, తేదీతో స్టాంపు వేయించుకోండి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ చట్టం అంత గట్టిగా పనిచేయదు. కాబట్టి మారాలని ఉంటే ఎనిమిదో తరగతి లోపే మారడం మేలు. పదో తరగతి మధ్యలో మార్చాలని వస్తే నేను వద్దనే చెప్తాను.

నాలుగో తరగతి పిల్లలుంటే గురుకులం

గురుకులాల్లో ఐదో తరగతికి ప్రవేశం. నోటిఫికేషన్ సాధారణంగా డిసెంబరులో వస్తుంది, పరీక్ష ఫిబ్రవరిలో. 2025లో ఫిబ్రవరి 23న జరిగింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ గురుకులాలకు, సాధారణ గురుకులాలకు కలిపి ఒకే పరీక్ష. పిల్ల అప్పుడు నాలుగో తరగతి చదువుతూ ఉండాలి. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో 1.5 లక్షలు దాటకూడదు. పరీక్ష వంద మార్కులకు: తెలుగు 20, ఇంగ్లీషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మానసిక సామర్థ్యం 10. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయిలోనే ఉంటాయి. కోచింగ్‌కు డబ్బు పెట్టకండి. తరగతి పుస్తకంలోని లెక్కల అభ్యాసాలు చేయించి, బబుల్ షీటు నింపడం ఇంట్లో కొన్నిసార్లు ప్రాక్టీసు చేయిస్తే చాలు. వచ్చిన జవాబును తప్పు గడిలో నింపి మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఎక్కువ. ఆరు నుంచి తొమ్మిది దాకా మిగిలిన ఖాళీలకు కూడా ప్రవేశాలుంటాయి కాబట్టి ఐదులో రాకపోతే అంతా అయిపోయిందని అనుకోవద్దు.

మైనారిటీ గురుకులాలు వేరే సొసైటీ కింద ఉన్నాయి, దరఖాస్తు వేరు. అక్కడ 75 శాతం సీట్లు మైనారిటీ పిల్లలకు, 25 శాతం మిగతావాళ్లకు. ఈ ఇరవై ఐదు శాతం సంగతి తెలియక హిందూ కుటుంబాలు అసలు దరఖాస్తే పెట్టవు.

చదువు, తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ అక్కడే. ఇంటర్ దాకా చదివే వీలున్నవి చాలా ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరూ రాత్రిళ్లు పనిచేసే ఇళ్లకు, చదువుకోవడానికి మూల కూడా లేని ఒక్క గది ఇళ్లకు గురుకులం నిజంగా జీవితాన్ని మారుస్తుంది. కానీ తొమ్మిది, పదేళ్ల పిల్ల ఇల్లు విడిచి వెళ్తుందన్న సంగతిని తేలిగ్గా తీసుకోకండి. పక్క తడిపే అలవాటున్న పిల్ల, తరచూ జబ్బు పడే పిల్ల, అమ్మను వదలని పిల్ల మొదటి రెండు నెలల్లోనే టీసీ తీసుకుని వెనక్కి రావడం చూశాను. ఆ వయసులో "నేను ఉండలేకపోయాను" అన్న బాధ చాలాకాలం ఉంటుంది. పిల్లను అడగండి. సీటు వచ్చిన క్యాంపస్‌కు ముందే తీసుకెళ్లి చూపించండి. వంటగది, పడకలు, నర్సు ఉన్నారా లేదా చూడండి. గురుకులాల్లో తిండి పాడై పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు మీరూ చదివే ఉంటారు. 2024 చివర్లో డైట్ చార్జీలు (పిల్లల తిండికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) 40 శాతం పెంచారు, మెనూ మారింది. అయినా ఆ క్యాంపస్‌లో ఇప్పటికే చదువుతున్న పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడటానికి మించిన దారి లేదు. అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకే చోట సీటు రావడం అరుదు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ క్యాంపస్‌లు వేరు. పండగలకు ఇద్దర్నీ రెండు చోట్ల నుంచి తీసుకురావాలన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

నవోదయ గురించి అడుగుతారు. హైదరాబాద్ జిల్లాకు నవోదయ లేదు. రంగారెడ్డి జిల్లాది గోపన్‌పల్లిలో ఉంది. పిల్ల ఆ జిల్లాలోనే ఉంటూ, అక్కడే ఐదో తరగతి చదువుతూ ఉండాలి. 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. నగరంలో ఉన్నవాళ్లకు అవకాశం చాలా సన్నం.

కేంద్రీయ విద్యాలయం

పికెట్, గచ్చిబౌలి, ఉప్పల్, గోల్కొండ, కంచన్‌బాగ్, తిరుమలగిరి, ఇలా నగరం చుట్టూ చాలా ఉన్నాయి. ఇవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల కోసం పెట్టినవి. మొదటి ప్రాధాన్యం వాళ్లకే, తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం, ఆ తర్వాతే మిగతావాళ్లు. ప్రైవేటు ఉద్యోగి, ఆటో డ్రైవరు పిల్లలు ఆ వరుసలో చివర ఉంటారు. కానీ ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు విద్యాహక్కు కింద లాటరీ తీస్తారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, పేద కుటుంబాలు, వైకల్యం ఉన్న పిల్లలు ఇందులోకి వస్తారు. ఇల్లు బడికి దగ్గర్లో ఉండాలి, పెద్ద నగరాల్లో ఐదు కిలోమీటర్లు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, మార్చి-ఏప్రిల్‌లో. డబ్బు ఖర్చు లేదు కాబట్టి అర్హత ఉన్న ప్రతి ఇల్లూ పెట్టాలి.

వయసు విషయం జాగ్రత్త. ఆ ఏడాది మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. ఏప్రిల్ 1న పుట్టిన పిల్లను కూడా తీసుకుంటారు, ఆ తర్వాత పుట్టిన పిల్ల ఒక ఏడాది ఆగాల్సిందే. ఒకటి నుంచి ఎనిమిది దాకా ట్యూషన్ ఫీజు లేదు, విద్యాలయ వికాస్ నిధి పేరుతో నెలకు 500 రూపాయలు ఉంటుంది. విద్యాహక్కు కింద చేరినవాళ్లకు అదీ ఉండదు. ఎంపీ లెటర్‌తో సీటు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ కోటా 2022లోనే తీసేశారు.

తెలుగు రాని పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

మన జిల్లాలో ఉర్దూ మీడియం బడులు చాలా ఉన్నాయి, హిందీ, మరాఠీ మీడియంవీ ఉన్నాయి. ఒడిశా, బీహార్ నుంచి పనికి వచ్చినవాళ్లు భాష భయంతో పిల్లల్ని బడికి పంపడం లేదని తెలిస్తే ఈ మాట వాళ్లకు చెప్పండి. తెలుగును తప్పనిసరి చేసిన 2018 రాష్ట్ర చట్టం ప్రకారం తెలుగు ఒక సబ్జెక్టుగా అందరికీ ఉంటుంది, దాన్ని మొదటి మెట్టు నుంచే నేర్పుతారు.

వైకల్యం ఉన్న పిల్లలకు మామూలు బడిలో చేరే హక్కు ఉంది. వాళ్లకు తోడుగా 'భవిత' కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు, ఫిజియోథెరపీ ఉంటాయి. డిప్యూటీ ఐఓఎస్ ఆఫీసులో అడిగితే మీ దగ్గరిది చెప్తారు. "ఇలాంటి పిల్లను మేం చూసుకోలేం" అని ఏ బడి అన్నా, ఆ మాట రాసివ్వమని అడగండి. రాసివ్వరు, చేర్చుకుంటారు.

బడి మానేసి పద్నాలుగేళ్లు దాటిన పిల్లలుంటే ఓపెన్ స్కూల్ ద్వారా నేరుగా పదో తరగతి రాయొచ్చు. చాలా హైస్కూళ్లలో దాని స్టడీ సెంటర్లు ఉన్నాయి, తరగతులు సెలవు రోజుల్లో జరుగుతాయి.

చేర్చాక మర్చిపోకూడనివి

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు పిల్ల ఖాతాలో పడతాయి. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాల పిల్లలకు ఇది లేదు. బస్తీ బడిలో చదివే పిల్లకు మాత్రమే ఉన్న ఈ అవకాశాన్ని ఎంతోమంది దరఖాస్తు చేయకే వదిలేస్తున్నారు. ఆగస్టు, సెప్టెంబరులో క్లాస్ టీచర్‌కు గుర్తు చేయండి. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 శాతం మార్కులు ఉండాలి. అందుకని ఏడో తరగతి పరీక్షలు కూడా ముఖ్యమే.

పది అయ్యాక బాసర ట్రిపుల్ ఐటీలో ప్రవేశానికి, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అదనపు స్కోరు కలిపే పద్ధతి ఉంది. ఆరేళ్ల చదువు, చివర్లో బీటెక్. నా బడి నుంచి హైస్కూలుకు వెళ్లి, అక్కడి నుంచి బాసర చేరిన అమ్మాయిలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల అమ్మల్లో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసేవాళ్లే.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని చట్టం. ఆ ఎన్నిక రోజు వెళ్లండి, వీలైతే సభ్యులుగా ఉండండి. గుడ్డు రావడం లేదని, టాయిలెట్‌లో నీళ్లు లేవని గేటు బయట చెప్పుకుంటే గాలికి పోతుంది. కమిటీ మీటింగులో చెప్తే మినిట్స్‌లో రాయాల్సి వస్తుంది.

చివరిగా ఒక చిన్న పని. పదో తరగతి పరీక్షలకు ముందు బడిలో నామినల్ రోల్ తయారు చేస్తారు. పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే మెమో మీద అలాగే వస్తాయి. పాస్‌పోర్టు, ఉద్యోగం, అన్నింటికీ తర్వాత అదే ఆధారం. తప్పు పడితే దిద్దించడానికి బోర్డు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ కాగితం బోర్డుకు వెళ్లేముందు హెచ్‌ఎంను అడిగి, అక్షరం అక్షరం చదివి, సంతకం పెట్టండి. చదవడం రాని తల్లిదండ్రులైతే పిల్లతో పాటు వెళ్లి, గట్టిగా చదివించుకుని వినండి.